ముంపు జాబితాలో మన బస్తీ ఉందా? వరదకు ముందు ప్రభుత్వం చేయాల్సిన పని

హుస్సేన్‌సాగర్ నిండితే నీళ్లు ఎటు పోతాయో విద్యానగర్, అశోక్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. సాగర్ పూర్తి నీటిమట్టం 513.41 మీటర్లు. అది దాటితే మిగులు నీళ్లు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర నాలాలోకి దిగుతాయి. దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంటల మీదుగా పారి గోల్నాక అవతల మూసీలో కలుస్తాయి. ఆ దారిలో పెద్ద కాలనీలున్నాయి, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల హాస్టళ్లున్నాయి, నాలా గోడను ఆనుకుని ఒంటిగది ఇళ్లున్నాయి. వాన అందరి మీదా పడుతుంది. నీళ్లు మాత్రం ముందుగా ఆ గోడ పక్క ఇళ్లలోకే వస్తాయి.

ప్రతి ఏటా ఇదే వరస. జూన్‌కు ముందు సమీక్షా సమావేశాలు. వరద వచ్చాక నాయకుల పర్యటనలు. తర్వాత దుప్పట్లు, బియ్యం, కొంత డబ్బు. మాటంతా ‘సాయం’ చుట్టూనే తిరుగుతుంది. సాయం అన్నప్పుడు ఇచ్చేవాడు దాత అవుతాడు, పుచ్చుకునేవాడు చేయి చాపినవాడవుతాడు.

మేం ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. వరద బాధితులకు ఏం అందాలో చాలావరకు వరదకు ముందు తయారయ్యే కాగితాల్లోనే తేలిపోతుంది. ఏ ప్రాంతాన్ని ముంపు ప్రాంతంగా రాశారు? ఏ ఇంటిని ఇల్లుగా లెక్కపెట్టారు? ఆ ఇంట్లో ఎవరున్నట్టు నమోదు చేశారు? ఈ మూడింటికీ జవాబు వాన పడకముందే ఉండాలి. ఆ కాగితాలు తయారు చేయడం చట్టం ప్రకారం ప్రభుత్వం విధి. వాటిలో మన వాడ ఉందో లేదో చూసి, లేకపోతే నిలదీసి రాయించడం మన పని.

ఈ నగరానికి వరద కొత్త కాదు

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. సుమారు 15 వేల మంది చనిపోయారని చెబుతారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ వచ్చింది. పాలకులు తలచుకుంటే ఒక్క విపత్తు నుంచి కొన్ని తరాలకు సరిపడా పాఠం నేర్చుకోగలరని ఈ నగర చరిత్రే చెబుతోంది.

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24.15 సెంటీమీటర్ల వాన పడింది. అప్పుడు అశోక్‌నగర్, దోమలగూడ, గాంధీనగర్ ప్రాంతాలు నీట మునిగాయి. ఆ అనుభవంతో కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ చేత డ్రైనేజీ వ్యవస్థపై నివేదిక తయారు చేయించారు. నాలాలు ఎక్కడెక్కడ ఇరుకైపోయాయో, ఎంత వెడల్పు చేయాలో 2003 నాటికే ప్రభుత్వం చేతిలో కాగితం ఉంది.

మళ్లీ 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతకుముందు అక్టోబరు నెల రికార్డు 1903 నాటిది, అది 12 సెంటీమీటర్లు కూడా లేదు. చెరువులకు గండ్లు పడ్డాయి, గోడలు కూలాయి, నగరంలోనే పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. ఆ తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరుతో తొలి దశలో 985 కోట్ల పనులు ప్రకటించారు. అంటే, నివేదిక వచ్చిన పదిహేడేళ్లకు మరో ఉపద్రవం వస్తే తప్ప నాలాల పనులకు ఒక ప్రత్యేక కార్యక్రమం పుట్టలేదు.

పెద్ద వరదే రానక్కర్లేదు. 2020 సెప్టెంబరులో, ఆ పెద్ద వానకు నెల ముందు, నేరేడ్‌మెట్‌లో సైకిల్ మీద బయటికెళ్లిన పన్నెండేళ్ల పాప మూత లేని నాలాలో పడి చనిపోయింది. 2023 ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో పాలు తేవడానికి వెళ్లిన చిన్నారి తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. 2025 సెప్టెంబరు 14 రాత్రి ఆసిఫ్‌నగర్ వైపు అఫ్జల్‌సాగర్ మాంగర్ బస్తీలో ఇద్దరు, ముషీరాబాద్ వినోభానగర్‌లో ఒక యువకుడు నాలాల్లో కొట్టుకుపోయారు. వినోభానగర్‌లో ఆ యువకుడు కూర్చున్న నాలా గోడే కూలిపోయింది. నాలాకు మూత వేయడం, గోడ గట్టిదో కాదో చూడటం, ఇవి ఆకాశం నుంచి ఊడిపడే సమస్యలు కావు. ఎవరో ఒక అధికారి సంతకంతో జరగాల్సిన పనులు.

గట్టున ఎవరుంటారు?

పల్లెలో వాడ ఎక్కడ ఉంటుందో మనకు తెలుసు. ఊరికి దిగువన, కాలువ గట్టున, మురుగు చేరే పల్లంలో. మంచి మెరక భూమి ఊరిది, మిగిలింది వాడది. అక్కడి నుంచి బతుకుదెరువు కోసం నగరానికి వచ్చినవాళ్లకు ఇక్కడ దొరికింది కూడా అదే మిగులు భూమి. నాలా గట్టు, చెరువు శిఖం, రైలు పట్టాల పక్క. పారిశుధ్యం పనికి, ఇళ్లలో పనికి, అడ్డా కూలికి వచ్చిన మనిషి పనికి దగ్గరలో, తను కట్టగలిగిన కిరాయికి దొరికే చోటే ఉంటాడు. ఆ చోటుకు కాలక్రమంలో అంబేద్కర్ నగర్ అనో, అరుంధతి నగర్ అనో పేరొస్తుంది. పేరొచ్చినంత తొందరగా పట్టా రాదు.

దీన్ని ‘అజాగ్రత్తగా నాలా పక్కన కట్టుకున్నారు’ అని తేల్చేసేవాళ్లకు మేం విజయవాడ గుర్తు చేస్తాం. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. మునిగిన వాటిలో వాంబే కాలనీ ఒకటి. వాంబే అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. 2001లో మొదలైన ప్రభుత్వ గృహ పథకం. అక్కడ పేదలు ఆక్రమించుకుని కట్టుకోలేదు. ప్రభుత్వమే స్థలం ఎంచి, ఇల్లు కట్టి, తాళం చేతికిచ్చింది. వాగు ముంపు ఎంతవరకు వస్తుందో తెలిసిన ప్రభుత్వం పేదల కాలనీకి అదే ప్రాంతాన్ని ఎంచుకుంటే, ఆ మునక బాధ్యత ఎవరిది?

కులానికీ వరదకూ ఏం సంబంధం అని అడిగేవాళ్లుంటారు. 2004 సునామీ తర్వాత తమిళనాడులో పడవలు, వలలు పోయినవాళ్ల నష్టం లెక్కల్లోకి ఎక్కింది. తీరంలో కూలికి పోయే దళితులకు పోయింది కూలి. దానికి పడవలాగా ఆకారం లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు. 2007 బిహార్ వరదల తర్వాత నేషనల్ దళిత్ వాచ్ లాంటి ప్రయత్నాలు మొదలైంది కూడా, సహాయం దళితవాడ దాకా చేరుతోందా లేదా అని విడిగా చూడకపోతే ఆ విషయం ఎవరికీ కనపడదు కాబట్టే.

చట్టంలో ఏముంది?

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. వరద వచ్చాక అధికారులకు అధికారాలిచ్చే చట్టంగానే దాన్ని చాలామంది చూస్తారు. అందులో సగం వరదకు ముందు చేయాల్సిన పనుల గురించే ఉంది. ఉద్యమకారులు, విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన సెక్షన్లు ఇవి.

సెక్షన్ 31 ప్రకారం ప్రతి జిల్లాకూ విపత్తు ప్రణాళిక ఉండాలి. స్థానిక సంస్థలతో సంప్రదించి దాన్ని తయారు చేయాలి. జిల్లాలో ఏ ప్రాంతాలకు ఏ ప్రమాదం ఉందో అందులో రాయాలి. ఏటా సమీక్షించి సవరించాలి.

సెక్షన్ 30 కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థ పనులు చెబుతుంది. ప్రమాద ప్రాంతాలను గుర్తించడం, ముందస్తు హెచ్చరిక జనానికి చేరే ఏర్పాటు చేయడం, ప్రజలకు శిక్షణ ఇవ్వడం, పునరావాస కేంద్రాలుగా వాడుకోదగ్గ భవనాలను ముందే గుర్తించి వాటిలో నీళ్లు, మరుగుదొడ్లు సిద్ధం చేయడం. సెక్షన్ 41 నగరపాలక సంస్థ లాంటి స్థానిక సంస్థల బాధ్యతలు చెబుతుంది.

2005 నాటి చట్టంలో సెక్షన్ 12 సహాయానికి కనీస ప్రమాణాలు ఉండాలంది. రాష్ట్రం తన ప్రమాణాలను వాటికంటే తగ్గించడానికి వీల్లేదని అందులో సెక్షన్ 19 చెప్పింది. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఈ ప్రమాణాలు ప్రకటించింది. పునరావాస కేంద్రంలో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, పెద్దలకు రోజుకు 2,400 కేలరీల తిండి ఉండాలి. వితంతువులైన వాళ్లకు 15 రోజుల్లో ధ్రువపత్రం, 45 రోజుల్లో ఎక్స్‌గ్రేషియా అందాలి. ఒక ఫంక్షన్ హాల్లో రెండు వందల మందిని కుదించి, పులిహోర పొట్లాలు పంచి ఫొటో దిగితే ఈ ప్రమాణాలు అందినట్టు కాదు.

సెక్షన్ 61 మనకు అన్నిటికంటే ముఖ్యం. పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు లింగం, కులం, వర్గం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపకూడదని అది సూటిగా చెబుతుంది. విపత్తులోనూ కులం పనిచేస్తుందని పార్లమెంటుకు తెలుసు కాబట్టే ఆ మాట చట్టంలోకి ఎక్కింది. 2019 జాతీయ విపత్తు ప్రణాళికలో కూడా ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, వృద్ధులు, వికలాంగులు వెనకబడిపోకుండా చూడటం గురించి ఒక అధ్యాయమే ఉంది.

ఇవన్నీ సలహాలు కదా, పాటించకపోతే ఏమవుతుంది అనే అనుమానం రావచ్చు. 2021 జూన్ 30న కోవిడ్ మరణాల పరిహారం కేసులో సుప్రీంకోర్టు సెక్షన్ 12ను తప్పనిసరి విధిగానే చదివింది. ఎక్స్‌గ్రేషియాకు మార్గదర్శకాలు సిఫారసు చేయాల్సిందేనని జాతీయ సంస్థను ఆదేశించింది. ఆ తర్వాతే దేశమంతా 50 వేల రూపాయల చెల్లింపు వచ్చింది. ఒక్క పదాన్ని పట్టుకుని కోర్టులో నిలబడితే లక్షల కుటుంబాలకు హక్కు దక్కిందన్నమాట.

2025 సవరణతో మరో తలుపు తెరుచుకుంది. రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్లున్న నగరాలకు ప్రత్యేక పట్టణ విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటు చేసే వీలు సెక్షన్ 41ఏ కల్పించింది. ఏప్రిల్ 9 నుంచి అది అమల్లో ఉంది. అలాంటి సంస్థ తయారు చేసే ప్రణాళికలో నాలా బస్తీల మాట ఎవరు చెబుతారు అన్నది ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న.

ఇల్లు మునిగింది, కానీ అది ‘ఇల్లు’ కాదు

2020 వరదల తర్వాత తెలంగాణ ప్రభుత్వం నగరంలో ముంపు కుటుంబాలకు 10 వేల చొప్పున ఇస్తామని 550 కోట్లు ప్రకటించింది. డబ్బు కొందరికి అందింది, కొందరికి అందలేదు. అందనివాళ్లు మీసేవా కేంద్రాల ముందు బారులు తీరారు. డిసెంబరు 1న నగరపాలక ఎన్నికలుండటంతో నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపేయమంది. నీళ్లు ఇంట్లోకి వచ్చి నెల దాటినా, బాధితురాలు ఇంకా క్యూలోనే ఉంది.

2024లో ఖమ్మం మున్నేరు వరద తర్వాత అదే తెలంగాణలో మొదట 10 వేలన్నారు, తర్వాత 16,500 అన్నారు. అదే వారం అదే వానకు మునిగిన విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తుకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. ఏ మొత్తం ఎక్కువ, ఏది తక్కువ అన్నది ఇక్కడ మా ప్రశ్న కాదు. ఒకే నష్టానికి ఏటికో ధర, రాష్ట్రానికో ధర పలుకుతోందంటే అది హక్కుగా కాక ప్రకటనగా నడుస్తోందని అర్థం.

హక్కుగా రాసి ఉన్న కాగితం వేరే ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చుకు కేంద్ర హోం శాఖ 2022-26 కాలానికి ప్రకటించిన నిబంధనలు అవి. ప్రాణం పోతే 4 లక్షలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1.20 లక్షలు. పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 6,500, కచ్చా ఇల్లయితే 4 వేలు. గుడిసె పోతే 8 వేలు. బట్టలకు 2,500, వంట సామాన్లకు 2,500. జీవనోపాధి తీవ్రంగా దెబ్బతిన్న కుటుంబంలో, పునరావాస కేంద్రంలో లేనివాళ్లకు, ఇద్దరు పెద్దల వరకు ఉపాధి హామీ కూలి రేటు చొప్పున భృతి. ఈ చివరి అంశం అడ్డా కూలీలకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు నేరుగా వర్తించాల్సింది. దీని గురించి బస్తీల్లో ఎవరూ చెప్పరు కాబట్టి ఎవరూ అడగరు.

అదే నిబంధనల్లో ఇళ్ల నష్టం పట్టిక కింద ఒక చిన్న షరతు ఉంది. దెబ్బతిన్న ఇల్లు అనుమతి ఉన్న నిర్మాణమని రాష్ట్ర ప్రభుత్వ అధికారి ధ్రువీకరించాలి. మొత్తం కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. నాలా పక్క రెండు తరాలుగా ఉంటూ, కరెంటు బిల్లు కడుతూ, ఓటు వేస్తూ ఉన్న కుటుంబానికి పట్టా లేకపోతే ఆ ఇల్లు మునిగినా కాగితం మీద మునగనట్టే. అందరికంటే ముందు మునిగే ఇల్లే అందరికంటే ముందు జాబితా నుంచి జారిపోతుంది. ఈ షరతులో కులం అనే మాట ఎక్కడా లేదు. అయినా పట్టా లేనివాళ్లు ఎవరో చూస్తే, షరతు ఎవరి మీద పడుతోందో తెలుస్తుంది. సెక్షన్ 61ను అక్షరాలా కాకుండా అర్థం ప్రకారం చదవాలని మేం అనేది అందుకే.

కిరాయికి ఉండేవాళ్లది ఇంకో చిక్కు. ఎన్యూమరేషన్‌కు వచ్చినవాళ్లు ఇంటి యజమాని పేరు రాసుకుంటే, తడిసిన బియ్యం, పాడైన కుట్టుమిషన్ ఎవరివో ఆ కాగితంలో కనపడదు. ఒక ఇంట్లో నాలుగు కుటుంబాలుంటే నలుగురినీ విడివిడిగా రాయించుకోవాలి.

హెచ్చరిక అందితే ప్రాణాలు నిలుస్తాయి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మంది దాకా చనిపోయారు. గుడిసెల్లో ఉన్నవాళ్లకు, పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లకు ఎక్కి నిలబడటానికి గట్టి కట్టడం లేదు. 1990 మేలో అదే కోస్తాకు మరో భారీ తుపాను వచ్చింది. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపే. వెయ్యి కూడా తక్కువ సంఖ్య కాదు. కానీ ఈ రెండు లెక్కల మధ్య తేడా గాలి వేగంలో లేదు. మధ్యలో కట్టిన తుపాను షెల్టర్లు, అందిన హెచ్చరిక, బయల్దేరిన లారీలు ఆ తేడా తెచ్చాయి.

నగర వరదకు అంత సమయం దొరకదు. కొన్ని గంటల్లోనే, ఒక్కోసారి అరగంటలోనే నాలా పొంగుతుంది. అందుకే 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పట్టణ వరదలపై ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రతి 4 చదరపు కిలోమీటర్లకు ఒక ఆటోమేటిక్ వర్షమాపకం ఉండాలంది. పెద్ద డ్రెయిన్ల పూడికతీత ఏటా మార్చి 31 నాటికి ముగియాలంది. జూన్‌లో తొలకరి పడ్డాక నాలా గట్టున పూడిక కుప్పలు పోసి ఉంటే, అవే నీళ్లకు మళ్లీ లోపలికి జారుతుంటే, ఆ మార్గదర్శకం ఏమైందని అడగడానికి మనకు తేదీతో సహా ఆధారం ఉంది.

2024 సెప్టెంబరు 1న ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవర్ తన ప్రాణానికి తెగించి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఆ మనిషి ధైర్యానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ ఏ జిల్లా ప్రణాళికలోనూ ‘ధైర్యవంతుడైన డ్రైవర్ దొరుకుతాడు’ అని రాసుకోలేం. పడవ ఎక్కడుంటుంది, తాడు ఎక్కడుంటుంది, ఎవరికి ఈత శిక్షణ ఉంది అని రాసుకోవాలి.

విద్యార్థులు దీన్ని బస్తీల సమస్యగానే చూడొద్దు. 2024 జులై 27న ఢిల్లీ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వరద దూసుకొచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు చనిపోయారు. అశోక్‌నగర్, చిక్కడపల్లిలో ఎన్ని రీడింగ్ రూములు రోడ్డు మట్టానికి కింద ఉన్నాయో అక్కడ కూర్చునే మీకే బాగా తెలుసు. ఆ గదుల్లో ఎక్కువగా కూర్చునేది పల్లెల నుంచి తక్కువ ఫీజు చూసుకుని వచ్చిన పిల్లలే.

నీళ్లు పోయాక బురద ఎత్తేది ఎవరు?

వరద తగ్గిన మర్నాడు ఊడ్చడానికి, చచ్చిన పశువులను తీయడానికి, మ్యాన్‌హోళ్లు తెరవడానికి వచ్చేది పారిశుధ్య కార్మికులు. వాళ్లలో అత్యధికులు దళితులు. తన ఇల్లు మునిగిన మనిషే ఇంకొకరి వీధి కడగడానికి డ్యూటీకి రావాలి. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులను దించడాన్ని నిషేధించింది. వరద అత్యవసరం పేరుతో ఆ నిషేధం పక్కకు పోదు. ఇలాంటి మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు చెప్పింది. చనిపోయాక ఇచ్చే ముప్పై లక్షల కంటే ముందుగా ఇచ్చే బూట్లు, గ్లవ్స్, టీకాలు, యంత్రాలు ముఖ్యం. విపత్తు ప్రణాళికలో పారిశుధ్య కార్మికుల రక్షణకు విడిగా పద్దు ఉందా అని కార్మిక సంఘాలు అడగాలి.

నాలా వెడల్పు చేయాలి, ఎవరి ఇంటిని తీసి?

నాలాలు వెడల్పు చేయాల్సిందే. ఇందులో మాకు రెండో మాట లేదు. నీళ్లకు దారి లేకపోతే మొదట పోయేది మన ప్రాణాలే. కానీ 2024లో హైడ్రా వచ్చాక, మూసీ గర్భంలో ఇళ్లకు ఎర్ర అక్షరాలతో గుర్తులు పెట్టాక, వరద భయం పోయి కూల్చివేత భయం వచ్చిన బస్తీలున్నాయి. వాన పడితే నీళ్లొస్తాయి, వాన పడకపోతే బుల్డోజరొస్తుంది.

నాలాల మీద ఉన్నవి పేదల గదులు మాత్రమే కావు, పెద్ద భవనాలూ ఉన్నాయి. తొలగింపు ఏ వరసలో జరుగుతోంది అన్నదే ప్రశ్న. నీటిని ఎక్కువగా అడ్డుకునే కట్టడంతో మొదలు పెడుతున్నారా, ఎక్కువగా అడ్డు చెప్పలేని మనిషితో మొదలు పెడుతున్నారా? 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధిని జీవించే హక్కులో భాగంగా చెప్పింది. పని దొరికే చోటుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇల్లిచ్చి పునరావాసం అయిపోయిందనడం ఆ మాటకు విరుద్ధం. నోటీసు, దగ్గరలో ఇల్లు, పిల్లలకు విద్యా సంవత్సరం మధ్యలో బడి మారకుండా చూడటం, ఇవి జరిగాకే ఇల్లు ఖాళీ చేయించాలి.

వాన రాకముందు మనం చేయగలిగింది

ప్రభుత్వం బాధ్యతను మన నెత్తిన వేసుకోమని మేం చెప్పడం లేదు. బాధ్యతను గుర్తు చేయాలంటే మన చేతిలో కాగితం ఉండాలంటున్నాం.

ఒకటి, బస్తీ జాబితా మనమే రాసుకుందాం. ఏ గల్లీలో నీళ్లు గతంలో ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద గుర్తు చూసి కొలుద్దాం. ప్రతి ఇంట్లో ఎన్ని కుటుంబాలు, ఎంతమంది వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు, చంటిపిల్లలు ఉన్నారో రాద్దాం. ఆ జాబితాను కలెక్టరేట్‌కు, మున్సిపల్ సర్కిల్ ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకుందాం. పట్టా లేని ఇల్లయినా అక్కడ మనుషులున్నారని వరదకు ముందు తేదీతో నమోదైన కాగితం అదే.

రెండు, సమాచార హక్కు దరఖాస్తు పెడదాం. జిల్లా విపత్తు ప్రణాళిక నకలు ఇవ్వండి. చివరిసారి ఎప్పుడు సవరించారు? ముంపు ప్రాంతాల జాబితాలో మా బస్తీ ఉందా? మాకు కేటాయించిన పునరావాస కేంద్రం ఏది, అందులో ఎన్ని మరుగుదొడ్లున్నాయి? మా దగ్గరి నాలా పూడికతీత ఏ తేదీన పూర్తయింది? విపత్తు నిర్వహణకు రాష్ట్రానికి వచ్చే నిధిలో 20 శాతం ముందస్తు నివారణకు పెట్టాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది, అందులో ఈ జిల్లాకు ఎంత ఖర్చు చేశారు? ఈ ప్రశ్నలకు 30 రోజుల్లో జవాబు రావాలి. మార్చిలో అడిగితే వానకు ముందే జవాబు చేతికొస్తుంది.

మూడు, ఆధార్, కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, సర్టిఫికెట్లు, కిరాయి రసీదు, కరెంటు బిల్లు ఫోన్‌లో ఫొటో తీసి, ఇంకొకరి ఫోన్‌కు కూడా పంపి ఉంచుకుందాం. అసలు కాగితాలు గట్టి ప్లాస్టిక్ కవర్లో, అటక మీద. విద్యార్థులు ఒక్క ఆదివారం కేటాయిస్తే ఒక బస్తీ మొత్తానికి ఈ పని అయిపోతుంది.

నాలుగు, నీళ్లు తగ్గాక ఇల్లు కడిగే ముందు ఫొటోలు తీయాలి. గోడ మీద నీటి గీత, పాడైన సామాను, ఇంటి నంబరు కనపడాలి. ఎన్యూమరేషన్ జాబితాను బస్తీలో అందరికీ కనిపించేలా అంటించమని అడగాలి. పేరు లేనివాళ్లు నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి.

ఐదు, వివక్ష జరిగితే సెక్షన్ 61 పేరు రాసి కలెక్టర్‌కు, ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. నీళ్ల దగ్గర, ఉమ్మడి చోట్ల కులం పేరుతో అడ్డుకుంటే అత్యాచారాల నిరోధక చట్టం ఉండనే ఉంది. సహాయ డబ్బు, సరుకు కాజేస్తే విపత్తు చట్టం సెక్షన్ 53 కింద రెండేళ్ల దాకా జైలు. విధి నిర్వహణకు నిరాకరించిన అధికారి మీద సెక్షన్ 56 ఉంది, ప్రభుత్వ అనుమతి కావాలన్న అడ్డంకితో సహా. ఈ చట్టం కింద నేరుగా కోర్టుకు వెళ్లాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు కూడా కాగితమే.

ఇంత కాగితం పని ఎందుకు అనిపించవచ్చు. కాగితం లేదన్న సాకుతోనే మనల్ని లెక్క నుంచి తీసేస్తున్నారు కాబట్టి. రాజ్యాంగం రాసిన మనిషి వారసులం, కాగితం బలం మనకు ఇంకొకరు చెప్పాలా? ఈసారి తొలకరికి ముందు మీ బస్తీ పేరు జిల్లా ప్రణాళికలో వెతకండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి. ఆ జవాబు మాకూ పంపండి.